దీవిలో ఉండిపోయిన చిన్నాయన

మూడు రోజులుగా ముసురు పట్టింది. బయట ఎండబెట్టిన కొబ్బరి చిప్పలన్నీ షెడ్డులోకి మోసుకొచ్చి కింద కొబ్బరి పెంకులు కాల్చి పొగ పెట్టాము. గాలి లేక పొగ షెడ్డులోనే తిరుగుతోంది. కళ్ళు మండినా ఆ పని ఆపడానికి లేదు, ఆపితే బూజు పడుతుంది. నేలలో పాతిన ఇనుప మొన మీద నేను కాయలు ఒలుస్తుండగా ఫోను మోగింది. అవతలి మనిషి గాలి చప్పుడు మధ్య తమిళంలో, "కయిత్తుకారర్ పోయిట్టార్ అణ్ణా" అన్నాడు. కయిత్తుకారర్ అంటే తాళ్ళాయన. పాంబన్ వంతెన అవతలి దీవిలో, ఒక కొసన ఉన్న పడవవాళ్ళ కుప్పంలో మా చిన్నాయనను అలా పిలిచేవారు. ఆయన పోయాడని ఆ మాటకు అర్థం.

చేతిలో ఉన్న కాయ ఒలిచి పక్కన వేసి లేచాను. మొదట పెదనాయనకు చెప్పాను. ఆయన భార్య చిన్నమ్మకు ఇద్దరం కలిసి చెప్పాము. ఆమె గోలెం దగ్గర ఆవుకు తవుడు కలుపుతోంది. విని, కలిపే చెయ్యి తీయకుండా, "అక్కడేనా?" అని అడిగింది. అక్కడే, దీవిలోనే అన్నాను. "తీసుకొని రాండి. ఇంటికి తీసుకొని రాండి" అంది. ఆ తరువాత చెయ్యి కడుక్కుంది.

చిన్నాయన ఎప్పుడో పోయిన మా నాయనకు తమ్ముడు, పెదనాయనకు కడగొట్టు తమ్ముడు. మాది పొల్లాచ్చికి దగ్గర ఊరు. కొబ్బరి తోటలు, వాటి మధ్య కాలవ. మా వాళ్ళు ఉత్తరం నుంచి ఇటు వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలవాళ్ళు ఇప్పుడు లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నీళ్ళంటే మాకు బావి, కాలవ, అంతే. చిన్నాయన ఈత నేర్చుకున్నది కూడా మోటబావిలోనే.

ఆయన సముద్రం దాకా పోయింది తాళ్ళ వల్ల. తోటలో వచ్చే పీచు నానబెట్టి, కొట్టించి, తాళ్ళు పేనించి లారీలో తూత్తుకుడి రేవుకు తీసుకుపోయి పడవలవాళ్ళకు వేసేవాడు. సరుకు దించి అదే లారీలో తిరిగి రావలసిన మనిషి రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చేవాడు. పెదనాయన కోప్పడితే, "తాడు ఎట్ల ఉండాదో చూడొద్దా అన్నా? ఇచ్చేసి వచ్చేస్తే ఆయిపోతుందా?" అనేవాడు. తాను పేనించిన తాడు గాలికి ఎలా నిలుస్తోందో చూడడానికి పడవలెక్కి పోయేవాడని మాకు తరువాత తెలిసింది. నైలాన్ తాళ్ళు వచ్చి మా పని పడిపోయింది. లారీ ఆగిపోయింది గాని ఆయన ఆగలేదు. ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. తీరం వెంబడి ఒంటరిగా నాగపట్నం దాకా పోయి వస్తానన్నాడు. అప్పటికి ఆయనకు యాభై దాటింది. పిల్లలు లేరు.

బయలుదేరే రోజు చిన్నమ్మ వాకిట్లో నిలబడి, "ఎన్ని దినాలకు వస్తారు?" అంది.

"ఒక నెల."

"నెల దా?" అంది, నెలేనా అని.

"నెల దా మే. పందెమా?"

"మీతో పందెం వేసి నేనెప్పుడు గెలిచినాను" అని ఆమె లోపలికి పోయింది. అంతే మాట్లాడుకున్నారు.

పాంబన్ దాటకముందే కచ్చాన్ గాలికి పడవలో తెరచాప కట్టే కొయ్య విరిగింది. నైరుతి గాలిని అక్కడ కచ్చాన్ అంటారు. దీవివాళ్ళు రెండు పడవలతో వచ్చి ఆయన పడవను ఒడ్డుకు లాక్కుపోయారు. కొత్త కొయ్య చేయించుకునేదాకా ఉంటానని ఫోనులో చెప్పాడు. ఎనిమిదేళ్ళ పైన ఉన్నాడు.

వారానికోసారి ఆదివారం పొద్దున ఫోను చేసేవాడు. చిన్నమ్మ స్పీకరు పెట్టి, ఫోను గట్టు మీద ఉంచి, ఆకుకూర గిల్లుతూ మాట్లాడేది. అందువల్ల మేమందరం వినేవాళ్ళం.

"నువ్వే రా మే. గుడిసె చిన్నదిదా, అయితే నీళ్ళు తియ్యగుండాయి. ఇసకలో మూరెడు తవ్వితే ఊరుతాయి."

"సముద్రం పక్కన తియ్యనీళ్ళా? ఈ కతలు చేపలకు చెప్పండి."

"వచ్చి తాగి చూసి చెప్పు."

"పెళ్ళయినప్పుడు కంబం నుంచి ఈ ఊరికి వచ్చినాను. ఒకసారి వచ్చినదాన్ని. రెండో తూరీ నేను దా రావాల్నా? మీరు ఒక్క తూరి ఎవురికోసమన్నా వచ్చినారా?"

దానికి ఆయన "గాలి మారనీ, చూస్తాము" అనేవాడు. గాలి ఏటా మారేది. ఆయన రమ్మనడం, ఈమె రమ్మనడం అలాగే నడిచింది. ఎవరు ఎవరి దగ్గరికి రావాలన్నది ఎనిమిదేళ్ళూ తెగలేదు. ఊళ్ళోవాళ్ళు చిన్నమ్మను వదిలేసి పోయాడన్నారు. నేను అలా అనుకోలేదు. వదిలేసినవాడు వారం వారం ఫోను చేసి తిట్లు తినడు.

మొదటి ఏడాది దాటాక చిన్నమ్మ నన్ను పంపింది. ఎలాగైనా పిలుచుకొని రమ్మంది. నేను పోయేసరికి ఆయన మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టుకుని ఇసుకలో నిలబడి ఉన్నాడు. సముద్రం నుంచి వచ్చిన పడవను పదిమంది ఒడ్డుకు లాగుతున్నారు, అందులో ఆయనొకడు. పడవ గట్టున పడ్డాక ఒక ముసలామె చేపలను కుప్పలుగా పంచింది. పడవకొక కుప్ప, వలకొక కుప్ప, పోయివచ్చిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఆ తరువాత తాడు పట్టి లాగినవాళ్ళందరికీ తలా గుప్పెడు. చిన్నాయన తువ్వాలు చాపాడు. ఆమె అందులో నాలుగు చేపలు వేసింది. ఆయన తువ్వాలు ముడి వేసుకుని నా వైపు నడిచి వచ్చాడు.

మా ఇంట్లో పుట్టినవాళ్ళకు అది ఎలాంటి దృశ్యమో చెప్పాలి. మా కళ్ళంలో కుప్ప నూర్చినప్పుడు పనికి వచ్చినవాళ్ళకు గింజలు కొలిచి పోసేది మేము. వాళ్ళు ఒడి పడతారు, మేము పోస్తాము. ఇంకొకరి కళ్ళానికి పోయి మేము ఒడి పట్టకూడదు. పక్క తోటలో సాయానికి పోతే మంచినీళ్ళు తాగి వచ్చేయాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, చిన్నప్పుడు వీపు మీద పడ్డ దెబ్బలతో వచ్చింది.

చిన్నాయన నా ముఖం చూసి నవ్వాడు. "ఏమిరా, మీ అవ్వ చూసుంటే నా చెయ్యి ఇరిచుండును కదా?" అన్నాడు. ఆ సాయంత్రం చేపలు తానే తోముతూ సంగతి చెప్పాడు.

వచ్చిన కొత్తలో ఆయనా లాగడానికి పోయేవాడు. తన పడవను వాళ్ళు లాగి కాపాడారు కాబట్టి అది తన బాధ్యత అనుకున్నాడు. చేపలు ఇవ్వబోతే రెండు చేతులూ జోడించి వద్దనేవాడు. మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు. పైగా ఊరి నుంచి పీచు తాడు చుట్టలు తెప్పించి ఇంటికొకటి ఊరికే ఇచ్చాడు. లాగేటప్పుడు నైలాన్ అరచేతిని కోస్తుంది, పీచు తాడు కోయదు. వాళ్ళు తీసుకున్నారు. కొన్ని వారాలకు ఆయన పడవ ఒడ్డుకు వస్తే తాడు పట్టడానికి ఎవరూ వచ్చేవారు కాదు. పిలిస్తే తల తిప్పుకునేవారు. ఒంటరి మనిషి ఎంత చిన్న పడవనైనా తడి ఇసుక మీద పైకి లాగలేడు. నీళ్ళ అంచునే కట్టేసేవాడు. ఒక రోజు అలలు పెద్దవై, పడవను రాయికేసి కొట్టి ఒక పలక పగలగొట్టాయి. మరునాడు పొద్దున తలుపు తీస్తే ఆయన ఇచ్చిన తాడు చుట్టలన్నీ గుడిసె ముందు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"నన్ను ఎల్లగొడతా ఉండారని దా అనుకొన్న్యాను రా. మూట కట్టేసినాను" అన్నాడు చిన్నాయన.

చేపలు పంచే ముసలామె పక్క గుడిసెలోనే ఉండేది. అందరూ పాటి అనేవారు, అంటే అవ్వ. మేము మాట్లాడుకునేది తెలుగే అయినా దేని గురించో కనిపెట్టి ఆమె గడప దగ్గర కూర్చుంది. మిగతాది తమిళంలో ఆమే చెప్పింది.

"మూట చూసి అడిగినాను, ఏమయ్యా, మా చేపలు నీకు కంపా అని. లేదు తల్లీ, నేను కూలికి రాలేదు, సాయానికి వచ్చినాను అన్నాడు. కూలి ఎవురు ఇచ్చినారు నీకు? తాడు పట్టినవాడికి మీను. మీను తీసుకొన్నవాడు రేపు మళ్ళా తాడు పట్టాల. నువ్వు తీసుకోకపోతే మాకు నీ పడవ మీద చెయ్యి వేసే దారేది? పట్టేవాడివి, ఇచ్చేవాడివి, తీసుకోనివాడివి. అట్లా ఎవురికీ బాకీ పడనివాళ్ళు ఇద్దరే. ఒకడు సామి, ఇంకొకడు పోలీసు. నువ్వు ఏది?"

చిన్నాయన చేపల వైపు చూస్తూ, "మరుసనాడు తువ్వాలు చాపినాను రా. ముసలిది అందరి ముందర ఒకే ఒక సాళమీను వేసింది, వేలంతది. ఎవురూ నగలేదు. సాయంత్రం నా పడవకు ఊరంతా వచ్చింది" అన్నాడు.

ఇంటికి రమ్మని నేను అడిగితే, మరునాడు పడవలో తీసుకుపోయాడు. ఒక చేత చుక్కాని, తెరచాప తాడు కాలి బొటనవేలికి ఒక చుట్టు. ఆయన నన్ను పట్టించుకోకుండా తాడునే చూస్తూ కూర్చున్నాడు. "బిగించి పట్టుకొంటే చేతికేమీ తెలీదురా. కొంచెం వదలాల. అప్పుడు దా గాలి ఏమంటుందో తెలుస్తుంది" అన్నాడు. నేను వాంతి చేసుకున్నాను. "అది కూడా మంచిదే" అన్నాడు.

నేను బయలుదేరేటప్పుడు మెల్లగా, "మీ చిన్నమ్మను ఉలవల పొడి అడిగినానని చెప్పు" అన్నాడు. ఇంటికి వచ్చి చెప్పాను. చిన్నమ్మ, "పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకు ఇల్లు కట్టి ఇచ్చినాడు, మోటారు పెట్టించి ఇచ్చినాడు, అడగకముందే కోకలు తెచ్చినాడు. నన్ను ఇది కావాలని ఒక్కనాడు అడగలేదు. ఉప్పు తక్కువైనా అడగడు, తినేసి లేస్తాడు" అంది. ఆ రోజే ఉలవలు వేయించింది. అప్పటి నుంచి నేను పోయినప్పుడల్లా ఒక డబ్బా పంపేది. తాను మాత్రం కదల్లేదు. "అడిగింది పంపిస్తాను. మనిషి కావాలంటే మనిషే రావాల" అనేది.

తరువాత ఆయనా ఒకటి రెండుసార్లు రావడానికి సిద్ధపడ్డాడు. ఒకసారి బస్సెక్కి మదురై దాకా వచ్చి తిరిగి పోయాడు. ఎందుకని అడిగితే, "అక్కడ దిగితే ఎండ కొట్టింది రా" అన్నాడు. చిన్నమ్మకు అది చెప్పవద్దన్నాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు ఆమె ఇది చదివించుకుంటే తెలుస్తుంది.

మా తోటకు వేరు తెగులు వచ్చి వరుసలకు వరుసలు వాడిపోయిన ఏడాది నేను ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నాను. ఆదివారం ఫోనులో నన్ను పిలవమని అడిగి, ఓదార్పు ఏమీ చెప్పకుండా, "మొద్దులు ఇటికల బట్టీవాడికి వేసేయొద్దు. కోసి షెడ్డు కట్టుకో. నిలువు కాళ్ళకు అడుగు పక్క చెక్క పెట్టు, అది గట్టిది" అన్నాడు. పోయిన చెట్ల గురించి నాతో పని మాట మాట్లాడింది ఆయన ఒక్కడే. మిగిలినవాళ్ళందరూ సానుభూతి చెప్పారు. ఇప్పుడు చిప్పలు పొగ పెట్టేది ఆ షెడ్డులోనే.

కబురు వచ్చిన రోజు పెదనాయనా నేనూ వ్యాను మాట్లాడుకుని వానలోనే బయలుదేరాము. ఉడుమలై, పళని, మదురై దాటేదాకా తెరిపి ఇవ్వలేదు. వంతెన దాటాక ఆకాశం తేటగా ఉంది. సముద్రం పలకలా ఉంది. అలాంటి రోజున కుప్పంలో పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. వలలు మడిచి ఉన్నాయి. మగవాళ్ళు నీడన కూర్చున్నారు.

పెదనాయన వ్యాను దిగి, ఎదురొచ్చిన పడవమనిషిని తమిళంలో, "ఏమప్పా, సమ్మె ఏమైనా ఉండాదా?" అని అడిగాడు.

"లేదు అయ్యా. చావు పడితే పడవ దించము."

"అయ్యో. మీ ఇంట్లోనా?"

ఆ మనిషి అర్థం కానట్టు చూశాడు. "మీ తమ్ముడు దా అయ్యా" అన్నాడు.

పెదనాయన తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. ఆ రోజంతా మళ్ళీ కట్టుకోలేదు.

చిన్నాయన తెల్లారి ఒంటరిగా పోయి వచ్చి, పడవ పైకి లాగించి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడట. అలసట తీర్చుకుంటున్నాడనుకున్నారు. టీ తెచ్చినవాడు పిలిస్తే పలకలేదు. మేము పోయేసరికి గుడిసెలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. వాళ్ళ శ్మశానంలో గుంట కూడా తీసి ఉంచారు. మేము తీసుకుపోతామన్నప్పుడు నలుగురైదుగురు ఏదో అనబోయారు. పాటి వాళ్ళను ఆపింది. "వాళ్ళ మనిషి. అక్కడ పెళ్ళాం ఉండాది" అంది. వాళ్ళే మోసుకొచ్చి వ్యానులో పెట్టారు. పాటి ఎవరినీ అడగకుండా వచ్చి వెనక సీటులో కూర్చుంది. ఆ పడవమనిషి ఆమె కొడుకు, అతనూ ఎక్కాడు. తీసిన గుంటను ఖాళీగా పూడ్చడానికి మిగిలినవాళ్ళు పారలు తీసుకుని పోవడం వ్యాను కదిలేటప్పుడు చూశాను.

ఇంట్లో దించాక చిన్నమ్మ ఆయన ముఖం వైపు ఎక్కువసేపు చూడలేదు. కాళ్ళ దగ్గర కూర్చుంది. ఉప్పునీటికి పగుళ్ళు తేలి, తాడు రాసుకున్న బొటనవేలు కాయ కట్టి ఉంది. చెయ్యి వేసి చూసి, "ఈ కాళ్ళు నేను ఎరగను" అంది. వానలో కట్టెలు అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. మొత్తానికి ఆమె కోరినట్టు ఆయన ఇంటికి వచ్చాడు, మా నేల మీదే కాలాడు. దానివల్ల ఆమెకు ఏమీ తేలిక పడినట్టు నాకు కనబడలేదు.

మరునాడు పొద్దున పాటి బయలుదేరేముందు ఇద్దరాడవాళ్ళూ వసారాలో కూర్చున్నారు.

"ఏమి తినేవాడు?" అని చిన్నమ్మ అడిగింది.

"అన్నం, పులుసు. మేము తినేదే."

"ఎవురు వండేది?"

"ఆయనే. నాకు జ్వరం వస్తే నాకూ ఆయన దా వండేది."

చిన్నమ్మ ఆమెను తేరిపార చూసింది. "ఈ ఇంట్లో పొయ్యి ఏ పక్క ఉండాదో తెలీదు ఆ మనిషికి" అంది.

"అక్కడ ఒకటే గది. పొయ్యి తప్పిపోయే దారి లేదు" అంది పాటి. చిన్నమ్మ ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. పాటి లేచి చీర దులుపుకుని కొడుకుతో కలిసి నడిచి పోయింది. మా ఊరికి రా అని పిలవలేదు.

కరుమాది, అంటే పెద్దకర్మ, అయిన రోజు సాయంత్రం చిన్నమ్మ ఆవును మా దొడ్లో కట్టమని నాకు చెప్పి, పెదనాయన దగ్గరికి వచ్చి నిలబడింది. తాను దీవికి పోతున్నానంది.

పెదనాయనకు కోపం వచ్చింది. "ఉన్నప్పుడు పిలిస్తే పోలేదు. ఇప్పుడు పోయి ఎవుర్ని చూస్తావు మా? మనిషే లేడే!"

"ఆయన వచ్చేసినాడు కదా బావా" అంది చిన్నమ్మ. "ఇంక నా వంతు."

"ఎన్ని దినాలు?"

"తెలీదు."

"వీణ్ణి తోడు పిలుచుకొని పో."

"వద్దు. ఆయన తోడు పిలుచుకొని పోయినాడా?"

పెదనాయన లోపలికి పోయి పడుకున్నాడు.

మరునాడు బుధవారం. వాన తగ్గి తుంపర పడుతోంది. సంచీ నేను మోస్తానంటే ఇవ్వలేదు. పళని మీదుగా పోయే మొదటి బస్సు మా ఊరి రోడ్డు మీద ఆగింది. చిన్నమ్మ ఎక్కింది. సీటు దొరకలేదు. నిలబడే పోయింది.